ఎలుగుబంటికి గాత్ర పరీక్ష

ఆ రేడియో కేంద్రంలో ఒక ఎలుగుబంటి పంతొమ్మిదేళ్లుగా అనుమతి లేకుండా మాట్లాడుతోందన్న సంగతిని మొట్టమొదట కనిపెట్టింది కొత్తగా వచ్చిన సంచాలకులు అనంతశయనం గారు. అంతకుముందు పనిచేసిన ఆరుగురు సంచాలకులూ ప్రతి ఆదివారం దాని మాటలు విన్నారు, నవ్వుకున్నారు, ఇంట్లో పిల్లలకు వినిపించారు. దాని ఫైలెక్కడుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అనంతశయనం గారు వచ్చిన మూడో రోజే అడిగారు.

తప్పు ఆయనది కాదు. పైనుంచి ఉత్తరువొచ్చింది. గళ ప్రామాణీకరణ అని దాని పేరు. గాత్ర పరీక్షలో నెగ్గని ఏ గొంతూ ఇకమీదట ప్రసారం కారాదని దాని సారాంశం. ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. ఏ కేంద్రంలోనో ఎవరో ఏదో మాట్లాడి ఉంటారు. అనంతశయనం గారికి ఉత్తరువులంటే భక్తి. స్నానం చేస్తే గానీ చదవరు. చదివిన వెంటనే, కేంద్రంలో మాట్లాడే గొంతులన్నిటికీ జాబితా తెమ్మన్నారు. పిల్లల కార్యక్రమాలు చూసే త్రినాథ్, స్టూడియో తలుపుకు అంటించే పాత కాగితాలన్నీ ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాడు. ప్రతి కార్యక్రమానికీ మాట్లాడేవాళ్లెవరో రాసి తలుపుకు అంటించి, అయిపోయాక దాచిపెట్టడం అక్కడి పద్ధతి. ఆ కాగితాల ప్రకారం రెండు వందల పదకొండు మంది మనుషులు, నలుగురు ఇతరులు తేలారు.

ఆ ఇతరులు ఎవరంటే, ఎలుగుబంటి జంబయ్య తాత, ముంగిస మాస్టారు, ఉడత పంకజం, పిల్ల రాక్షసుడు గుబులాసురుడు. ఆదివారం పొద్దున్న తొమ్మిది గంటలకు వచ్చే 'గుమ్మడితోట కబుర్లు' వీళ్లదే. వీళ్లందరినీ మాట్లాడించేది ఒక్క మనిషి. పేరు పొట్నూరు వరహాలమ్మ, వయసు అరవై ఒకటి, బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైంది. జంబయ్య తాత కావాలంటే ఆవిడ గడ్డం గుండెకు ఆనించి, ఎడమ బుగ్గలో చిన్న తాటిబెల్లం ముక్క పెట్టుకుంటుంది. ముంగిస మాస్టారికి ముక్కు నొక్కుకుంటుంది. పంకజానికి మునివేళ్ల మీద నిలబడుతుంది. గుబులాసురుడికి ఒక ఇత్తడి చెంబుంది. దాంట్లో మూతిపెట్టి మాట్లాడితే చీకటన్నా, పిల్లులన్నా, పెద్దగా తుమ్మేవాళ్లన్నా భయపడే పసి రాక్షసుడు పలుకుతాడు. ఆ చెంబు ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది.

మరి కాగితాల్లో ఆవిడ పేరెందుకు లేదంటే, దానికో కథ ఉంది. మొదటి సంవత్సరంలో ఒక బడి పిల్లలు స్టూడియో చూడటానికొచ్చారు. తలుపు మీద 'ఎలుగుబంటి: వరహాలమ్మ' అని ఉంది. రెండో తరగతి పిల్ల ఒకర్తి దాన్ని కూడబలుక్కుని చదివి, అయితే ఎలుగుబంటి లేదా అని అడిగి, బస్సెక్కేదాకా వెక్కివెక్కి ఏడ్చింది. అప్పటి సంచాలకులు ఆ సాయంత్రమే చెప్పారు, ఇకనుంచి తలుపు మీద జంతువుల పేర్లే రాయండి, మనుషుల పేర్లు అక్కర్లేదు అని. మంచి మాటే చెప్పారు. నోటితో చెప్పి ఊరుకోవడమే ఆయన చేసిన తప్పు.

సోమవారం వరహాలమ్మకు కబురొచ్చింది. ఆవిడ వచ్చేసరికి అనంతశయనం గారి బల్ల మీద ఆ పాత కాగితాలన్నీ దొంతరగా ఉన్నాయి. పక్కన త్రినాథ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోండి. మీరు ఎవరి తరఫున విచ్చేశారు?" అని అడిగారు సంచాలకులు.

"నా తరఫునే వచ్చానండి. జంబయ్య తాత, మాస్టారు, పంకజం, గుబులు, అందరూ నేనే కదండీ."

"అలాగని ఆధారం?"

వరహాలమ్మ తెల్లబోయింది. నోటితో చెప్పడంకన్నా వినిపించడం మేలనుకుని గడ్డం దించబోయింది. ఆయన చేయెత్తి ఆపారు.

"గాత్ర పరీక్ష జరగకుండా ఈ ప్రాంగణంలో నేను ఏ గొంతూ వినరాదు. దయచేసి నన్ను ఇరకాటంలో పెట్టకండి. ఇవిగో, తొమ్మిది వందల ఎనభై ఎనిమిది కాగితాలు. వీటిలో ఎలుగుబంటి ఉంది, ముంగిస ఉంది. మొదటి కొద్ది వారాలు వదిలేస్తే మీరు లేరు. ఆ వారాల కాగితాలు చెదలు తినేశాయి కనుక అప్పుడూ లేరనే భావించాలి."

"మరి ప్రతి ఆదివారం నేనిక్కడికి ఎందుకొచ్చినట్టండీ?"

"ఆ విషయం కూడా పరిశీలించాం." ఆయన గేటు దగ్గరి రిజిస్టరు తెరిచారు. "మీ పేరు స్పష్టంగా ఉంది. 'ఎవరి నిమిత్తం' అన్న గడిలో ప్రతిసారీ 'ఎలుగుబంటి' అని ఉంది. తమరు పంతొమ్మిదేళ్లుగా ఎలుగుబంటిని పరామర్శించడానికి వస్తున్నారని మేం అర్థం చేసుకున్నాం. అభ్యంతరం లేదు. సందర్శకులకు అనుమతి ఉంది."

వరహాలమ్మ త్రినాథ్ వైపు చూసింది. అతను కిటికీ వైపు చూశాడు. మంచి కుర్రాడే, కానీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

ఇంకెప్పుడైనా అయితే ఆవిడ నవ్వుకుని ఇంటికెళ్లేది. ఈసారి నవ్వు రాలేదు. కారణం నిన్నటి ఆదివారం. ఆరోజు గుబులాసురుడు పిల్లిని చూసి పరిగెత్తుతూ గుమ్మడితోట వెనకున్న పాత గోతిలో పడ్డాడు. పైనుంచి జంబయ్య తాత తొంగిచూసి, "ఏడవకు నాయనా. వచ్చే ఆదివారం పొద్దున్నే తాడు తీసుకుని వస్తాను. మాటంటే మాటే" అన్నాడు. అక్కడికి కథ ఆగింది. జంబయ్య తాత పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా మాట తప్పలేదు. రోజు తిరక్కుండానే గోతిలోకి అరటిపండు వెయ్యమని ఒక పిల్లాడూ, దుప్పటి వెయ్యమని ఇంకో పిల్లా కార్డులు రాసి గేటు దగ్గర ఇచ్చి వెళ్లారు. ఆదివారం తాత రాకపోతే వాళ్లకేం చెప్పాలో ఆవిడకు తెలియలేదు.

"పరీక్ష ఎప్పుడండీ?" అని అడిగింది.

"గురువారం. నలుగురికీ విడివిడిగా దరఖాస్తులు సమర్పించండి. ఉత్తీర్ణులైనవారు ఆదివారం నిరభ్యంతరంగా మాట్లాడవచ్చు." ఆయన కాస్త ఆగి, దయగా అన్నారు, "మీరు కూడా ఒకటి పెట్టుకోండి. ఇన్నేళ్లు వాళ్ల మధ్య తిరిగారు. అనుభవం పనికొస్తుంది."

ఆ సాయంత్రం క్యాంటీన్‌లో వరహాలమ్మా, త్రినాథూ దరఖాస్తులు నింపారు. జంబయ్య తాతకు స్థిరనివాసం 'గుమ్మడితోట పక్క గుహ' అనీ, మాతృభాష తెలుగు అనీ రాశారు. తండ్రి పేరు దగ్గర ఆగిపోయారు.

"ఏదో ఒకటి రాసెయ్యండి మేడమ్" అన్నాడు త్రినాథ్.

"ఏదో ఒకటి ఎలా రాస్తాన్రా? ఆరో ఏడు వేసవి సెలవుల్లో వాళ్ల నాన్న వచ్చి నాలుగు వారాలున్నాడు. పిల్లలకు గుర్తుంటుంది. భీమయ్య అని రాయి."

నలుగురి దరఖాస్తులూ మర్నాడే తిరిగొచ్చాయి. ఎలుగుబంటి ఫోటో క్యాలెండరులోంచి కత్తిరించింది కావడంతో ఒక చెవే కనబడుతోందనీ, నిబంధన ప్రకారం రెండు చెవులూ కనబడాలనీ రాశారు. ముంగిస మాస్టారు ఏ బడిలో మాస్టారో ధ్రువపత్రం జతచేయలేదు. పంకజం వృత్తి దగ్గర 'కాయలు ఏరుకోవడం' అని రాసినందుకు అటవీ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం అడిగారు. అసలు చిక్కు గుబులాసురుడితో వచ్చింది. వయసు మూడు వందల పన్నెండేళ్లు అని రాశారు. పిల్లల కార్యక్రమంలో బాలుడిగా పాల్గొనడానికి ఇతనికి వయోపరిమితి దాటిందని ఒక గుమాస్తా రాస్తే, రాక్షసుల్లెక్కన ఇతను ఇంకా మైనరు కనుక సంరక్షకుల సంతకం కావాలని ఇంకో గుమాస్తా రాశాడు. అనంతశయనం గారు ఇద్దరి మాటా కాదనలేదు. అభ్యర్థి వృద్ధుడైన బాలుడని నిర్ణయించి, ఇద్దరు సంరక్షకుల సంతకాలు తెమ్మన్నారు. జంబయ్య తాత, ముంగిస మాస్టారు సంతకాలు చేశారు. మిగతా పత్రాలు బుధవారం రాత్రికల్లా త్రినాథ్ ఎలాగో జతచేశాడు.

గురువారం వచ్చింది. గాత్ర పరీక్షకు ఒక నియమం ఉంది. అభ్యర్థి స్టూడియోలో ఉంటారు, కమిటీ పక్కగదిలో తెర వెనక ఉంటుంది. పేరు తెలియకూడదు, మొహం చూడకూడదు. నంబరు పిలుస్తారు, గొంతు వింటారు, మార్కులు వేస్తారు. పక్షపాతం రాకుండా ఎవరో పెద్దలు పెట్టిన నియమం. కమిటీలో అనంతశయనం గారితో పాటు ఒక పశువైద్యులు, ఉచ్చారణ శాస్త్రంలో పుస్తకం రాసిన ఒక పంతులుగారు ఉన్నారు. అందరూ చదవాల్సింది ఒకటే, జాలర్లకిచ్చే వాతావరణ హెచ్చరిక.

"ఒకటో నంబరు. జంతు విభాగం" అని పిలిచాడు త్రినాథ్.

వరహాలమ్మ తాటిబెల్లం బుగ్గన పెట్టుకుంది. "సముద్రంలో అలలు ఎక్కువగా ఉంటాయి. ఎవరూ వేటకు వెళ్లవద్దు నాయనలారా" అన్నాడు జంబయ్య తాత. తెర వెనక నుంచి పంతులుగారి గొంతు మెల్లగా వినబడింది, "ఈయన చెబితే మా అల్లుడు కూడా వింటాడండీ."

రెండో నంబరు ముంగిస, మూడో నంబరు ఉడత వచ్చి వెళ్లాయి. నాలుగో నంబరు 'ఇతర జీవుల విభాగం' కింద చెంబులోంచి అదే హెచ్చరిక చదువుతూ, అలలు అనేసరికి తానే జడుసుకుని మూడుసార్లు ఆగింది. పశువైద్యులు తనకూ వణుకు పుట్టిందని ఒప్పుకున్నారు. అయిదో నంబరు మానవ విభాగం. వరహాలమ్మ చెంబు పక్కన పెట్టి, బెల్లం మింగేసి, నిటారుగా నిలబడి తన గొంతుతో చదవడం మొదలుపెట్టింది.

మొదటి వాక్యం దగ్గరే ఆవిడకు ఏదో తేడాగా అనిపించింది. అది తన గొంతేనా అని సందేహం వచ్చింది. బజారులో కూరలబ్బాయితో బేరమాడేటప్పుడు జంబయ్య తాతే మాట్లాడతాడు. బ్యాంకులో ముంగిస మాస్టారు మాట్లాడతాడు. ఫోనులో చెల్లెలితో పంకజం మాట్లాడుతుంది. ఒంట్లో బాగాలేని రోజున డాక్టరు దగ్గర గుబులు మాట్లాడతాడు. ఎవరి గొంతూ కాకుండా తాను మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తురాలేదు. ఆవిడకు భయం వేసింది, కాస్త సిగ్గు కూడా వేసింది. రెండో వాక్యం కోసం వెతుక్కుంటే దొరికిన గొంతుతో చదివేసి బయటికొచ్చింది.

ఫలితాలు శుక్రవారం తలుపుకు అంటించారు. ఒకటో నంబరు: నిండైన గొంతు, పెద్దరికం కలదు, 'ళ' పలకడం ఎలుగుబంట్లలో అరుదు, ఉన్నత శ్రేణి. రెండో నంబరు ఉత్తీర్ణత. మూడో నంబరు ఉత్తీర్ణత. నాలుగో నంబరు: భయం అత్యంత సహజం, ఉత్తీర్ణత. అయిదో నంబరు: గొంతులో సొంతదనం లేదు. ఒకటో నంబరు అభ్యర్థిని అనుకరించే ప్రయత్నం కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. అనుత్తీర్ణత.

వరహాలమ్మ ఆ చివరి పంక్తిని రెండుసార్లు చదివింది. త్రినాథ్ గొంతు తగ్గించి మిగతా సంగతి చెప్పాడు. "తప్పినవాళ్లు ఆరు నెలలు స్టూడియోలోకి రాకూడదట మేడమ్. సందర్శకులుగా కూడా వద్దన్నారు. మీరొస్తే ఆయన గొంతు ఇంకా పట్టేస్తారేమోనని."

"ఎవరి గొంతు?"

"జంబయ్య తాతది."

ఆవిడ ఇంటికెళ్లి అన్నం సరిగా తినలేదు. తన గొంతు బాగాలేదన్నందుకు కాదు. ఆ మాట నిజమేనేమో అనిపించినందుకు. శనివారమంతా చెంబు తోముతూ కూర్చుంది. సాయంత్రానికి మాత్రం ఒకటి తేల్చుకుంది. తన సంగతి ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు. గోతిలో ఉన్నవాడి సంగతి రేపే చూడాలి.

ఆదివారం ఎనిమిదిన్నరకు గేటు దగ్గరికి వెళ్లేసరికి కాపలా ఎర్రన్న చేతిలో ఉత్తరువు ఉంది. పంతొమ్మిదేళ్లుగా రిజిస్టరు రాస్తున్నది అతనే. మొహం వేలాడేసుకున్నాడు.

"ఏటి సెయ్యమంటారమ్మా. మిమ్మల్ని నోపలికి పంపద్దని రాసినారు. ఎలుగ్గొడ్డు వస్తే మాత్రం మర్యాదగా తీసుకురమ్మన్నారు. అయ్యగారు మెట్ల కాడే నిలబడున్నారు, సూడండి."

నిజంగానే అనంతశయనం గారు మెట్ల మీద పూలదండ పట్టుకుని నిలబడ్డారు. ఉన్నత శ్రేణి కళాకారులకు మెట్ల దగ్గర స్వాగతం చెప్పాలని నిబంధన. వరహాలమ్మ సంచిలోంచి తాటిబెల్లం తీసి బుగ్గన పెట్టుకుంది. గడ్డం గుండెకు ఆనించింది.

"ఎర్రన్నా, నేను జంబయ్యని. గేటు తియ్యి నాయనా, పిల్లోడు గోతిలో ఉన్నాడు."

ఎర్రన్న గబగబా రిజిస్టరు తీశాడు. పేరు గడిలో జంబయ్య అని రాశాడు. పని గడి దగ్గర ఆగి, "ఏటని రాయమంటారు?" అని అడిగాడు.

"మాటిచ్చానని రాయి."

రాసుకుని గేటు బార్లా తీశాడు. అనంతశయనం గారు మెట్లు దిగి, తల ఒక పక్కకు వంచి, "ఏదీ, ఇంకోసారి సెలవివ్వండి" అన్నారు. "నమస్కారమండీ" అంది ఎలుగుబంటి. ఆయన ఉత్తరువులో ఏడో నిబంధన గుర్తు తెచ్చుకున్నారు. ఆకాశవాణిలో గొంతే గుర్తింపు, రూపం అప్రస్తుతం. దండ వేశారు. స్టూడియో దాకా పక్కనే నడిచారు. దారిలో గొంతు తగ్గించి ఒక హెచ్చరిక చేశారు.

"తమరితో ఒక విషయం మనవి చేయాలి. వరహాలమ్మ గారని ఒకావిడ తమ గొంతును అనుకరిస్తున్నట్టు కమిటీ దృష్టికి వచ్చింది. జాగ్రత్తగా ఉండండి."

జంబయ్య తాత నడక ఆపాడు. "ఆవిడ మంచిదేనండీ. నేను పుట్టినప్పటి నుంచీ నన్ను బుగ్గలో పెట్టుకుని మోస్తోంది. నాకేం నష్టం చెయ్యదు" అన్నాడు. ఆ మాట అంటుంటే గొంతు కాస్త వణికింది. అది ఎలుగుబంటి వణుకు కాదు. ఉచ్చారణ పంతులుగారు అక్కడ లేరు కాబట్టి ఎవరూ మార్కులు వేయలేదు.

తొమ్మిదయింది. ఎర్రదీపం వెలిగింది. జంబయ్య తాత తాడు బదులు గుమ్మడితీగ పేని తెచ్చాడు, ఎందుకంటే తోటలో తాళ్లు దొరకవు. ముంగిస మాస్టారు తీగ ఎంత బరువు మోస్తుందో లెక్క చెప్పాడు. పంకజం గోతిలోకి దిగి గుబులు నడుముకు ముడేసింది. లాగారు. సగం దాకా వచ్చాక తీగ తెగింది. చెంబులోంచి "తాతా" అన్న కేక వినబడేసరికి గాజు తలుపు అవతల నిలబడ్డ అనంతశయనం గారు గట్టిగా కళ్లు మూసుకున్నారు. త్రినాథ్ అది చూశాడు. రెండో తీగ తెగలేదు. పైకొచ్చిన గుబులు తాత బొచ్చులో మొహం దాచుకుని, గోతిలో తనకు పిల్లి కలలు రాలేదని, తాత వస్తాడని తెలుసు కాబట్టి నిద్రపోయానని చెప్పాడు.

కార్యక్రమం అయిపోయాక సంచాలకులు లోపలికొచ్చారు. గొంతు సర్దుకున్నారు.

"ఆ గొయ్యి ఇంకా అలాగే తెరిచి ఉందా?"

"ఉందండీ" అంది ఎలుగుబంటి.

ఆయన అక్కడికక్కడే కాగితం తీసి, గుమ్మడితోట వెనకనున్న గోతిని వారం లోపు మూయించి, మూసిన సంగతి ప్రసార ముఖంగా తెలియజేయవలెనని ఉత్తరువు రాసి, సంతకం పెట్టి, జంబయ్య తాతకిచ్చారు.

గేటు దగ్గర ఎర్రన్న రిజిస్టరు ముందేసుకుని తల గోక్కుంటున్నాడు. వరహాలమ్మ నోట్లో బెల్లం కరిగిపోయింది, తీపి మాత్రం మిగిలింది. వెళ్లొస్తాను ఎర్రన్నా అంది.

"అదేనమ్మా సిక్కు. నోపలికెల్లింది జంబయ్య. బయటికొస్తంది మీరు. లెక్క తప్పిపోద్ది."

"జంబయ్య వెళ్లిపోయాడని రాయి."

"మరి మీరో?"

వరహాలమ్మ స్టూడియో వైపు తిరిగి చూసింది. తలుపు మీది కాగితం ఇంకా చింపలేదు, దూరం నుంచి తెల్లగా కనబడుతోంది. "నేనెక్కడికీ వెళ్లలేదు. లోపలే ఉన్నానని రాసుకో" అంది. అప్పుడు పలికిన గొంతు ఆవిడకు కొత్తగా, బాగా తెలిసినట్టుగా వినిపించింది. ఎర్రన్న రాసుకున్నాడు.

సోమవారం అనంతశయనం గారు రిజిస్టరు తనిఖీ చేసి కంగారుపడ్డారు. నిషేధించిన వ్యక్తి లోపలే ఉన్నట్టు లిఖితపూర్వకంగా ఉంది. స్టూడియోలు, రికార్డుల గది, జనరేటరు షెడ్డు, నీళ్ల ట్యాంకు వెతికించారు. మూడు రోజులు వెతికినా వరహాలమ్మ గారు దొరకలేదు. గురువారం ఒక అన్వేషణ కమిటీ వేశారు. ఆవిడ గొంతు అందరికన్నా బాగా ఎరిగినవారు గనుక నిపుణ సభ్యులుగా శ్రీ జంబయ్య గారిని నియమించి, వారం లోపు నివేదిక కోరారు.

జంబయ్య గారి నివేదిక వేళకే అందింది. చక్కని బడిపంతులమ్మ దస్తూరిలో మూడే వాక్యాలు. "వెతికాను. ఆవిడ స్టూడియోలోనే ఉన్నారు. ఆదివారం తొమ్మిదింటికి వినండి."

నివేదికను కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. అనంతశయనం గారు దాన్ని ఫైల్లో పెట్టించారు. పంతొమ్మిదేళ్లలో ఆ కేంద్రంలో పొట్నూరు వరహాలమ్మ అన్న పేరు మీద తెరిచిన మొదటి ఫైలు అదే.